ఆరేండ్ల సవతి

ఆరేండ్ల పిల్లను చూసి కుళ్ళుకునే ఆడదాన్ని మీరు యాడన్నా చూసినారా? చూడకుంటే నన్ను చూడండి. నా పేరు పంకజాక్షి. బళ్ళారి బజార్లో బియ్యం మండీ రాజగోపాలయ్య శెట్టి రెండో పెండ్లాన్ని. ఆ 'రెండో' అనే మాట నేను మింగేసినా మా అత్త పంపమ్మ కక్కిస్తాది. అందుకే నేనే ముందు చెప్పుకుంటాండా.

మొదటామె శారదమ్మ. విషజ్వరమొచ్చి పోయింది. మరుసటేడు మా పుట్టినూరు బండ్రి నుంచి నన్ను తెచ్చి పీటల మీద కూర్చోబెట్టినారు. తాళి కట్టినాక అదే దారానికి ఇంకొకటి గుచ్చినారు, సవతమ్మ బిళ్ళ. చిటికెనవేలి గోరంత బంగారం, దాని మీద ఆడమనిషి బొమ్మ. చచ్చిపోయిన మొదటామెను రెండో ఆమె అట్లా మెడలో మోయాల. మోయకుంటే ఆమె ఊరుకోదంట, పీడిస్తాదంట. పండగకు కోక తెస్తే ముందు ఆ బిళ్ళకు చూపించాల, ఆ తర్వాతే నేను కట్టాల. మల్లెపూలు తెస్తే ముందు దానికి తాకించాల. అంటే నేను పుట్టి బుద్ధెరిగినాక ఎవరు విడిచిన కోకా కట్టలేదు గానీ, పెండ్లయినాక కట్టిందంతా ఆమె విడిచిందే.

దానికి తోడు మా అత్త పాట. "శారద నోరెత్తేది కాదు." "శారద ఒక్కరి మీద చాడీ చెప్పలేదు." "శారదకు అసూయంటే ఏందో తెల్దు తల్లీ, వెన్న మాదిరి మనసు." వినీవినీ నా చెవులు కాయలు కాసినాయి. బతికుండే సవతైతే జుట్టు పట్టుకోవచ్చు. చచ్చినామెతో పోటీ యెట్ల పడేది? ఆమె తప్పు చేయదు, ముసల్ది కాదు, కూరలో ఉప్పెక్కువ వేయదు.

ఇక మా ఆయన. మంచోడే, కాదని యెట్లంటాను. గట్టిగా ఒక మాట అనడు. అయితే శారదమ్మ పేరు కూడా ఎత్తడు. అదే నాకు మంట. పేరెత్తి ఏడిస్తే నాలుగు తిట్టి ఊరుకుందును. మనసులో దాచుకున్నదాన్ని యెట్ల పీకేది? రాత్రి అన్నం తింటా తింటా ఊరకే అట్ల గోడ వైపు చూస్తాడు. చూసినాడంటే నా ఒంట్లో కారం రాసినట్లయితాది.

ఆ మంట పడలేకనే నేను నాంచారమ్మవ్వ దగ్గరికి పోయింది. ఆమె మా ఇంటి వెనక గదిలో బాడుగకుండే కోస్తా ముసలామె. మొగుడు రంగూన్ బియ్యం మిల్లులో పని చేసినాడంట. యుద్ధమొచ్చినప్పుడు అడవులు పట్టుకుని నడిచొచ్చినారు. ఆయన దారిలోనే పోయినాడు. ఆమె మాత్రం పాలరాతి బుద్ధుణ్ణి మూటలో కట్టుకుని వచ్చింది. పొద్దున్నే ఆ బొమ్మ ముందర కండ్లు మూసుకుని కూర్చునేది.

"ఏం చేస్తాండావవ్వా, పలక్కుండా?" అని అడిగితి ఒకరోజు.

"ఊపిరి చూసుకుంటున్నానమ్మాయ్."

"అందులో చూసేదేముంది? వస్తాంది, పోతాంది."

"నీకూ వస్తూ పోతూనే ఉంది గదా. ఎప్పుడన్నా చూశావా?"

పక్కన కూర్చుంటి. మొదట్లో ఊపిరి బదులు శారదమ్మే కనబడేది. నాలుగు నెలలు పోయినాక ఒక్కో పూట కాస్త చల్లబడేది. అవ్వ నాకు పంచశీలాలు నేర్పించింది. మైత్రి నేర్పించింది. కూర్చుని ముందు 'నేను సుఖంగా ఉండాల' అనుకోవాలంట. తర్వాత మనకు మంచి చేసినోళ్ళు. తర్వాత దారిన పోయేటోళ్ళు. చివర్న మనకు పడనోళ్ళు.

"పడనోళ్ళు ఒకరే ఉండారు నాకు. మొదటామె," అంటి.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "చచ్చిపోయినవాళ్ళకి మైత్రి చెయ్యకూడదమ్మాయ్. అది పట్టదు. బతికున్న ప్రాణులకే."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను! ఇంత లోకంలో చీమకూ దోమకూ మైత్రి చేయొచ్చంట, శారదమ్మకు మాత్రం పనికిరాదంట. సాక్షాత్తు బుద్ధుడే నా పక్షం. లోపల నవ్వుకుంటా లేస్తాండా, అవ్వ వెనకనుంచి అనింది కదా, "అయినా ఆవిడ ఈపాటికి ఎక్కడో పుట్టే ఉంటుందిలే. అలా అనుకుని చెయ్యి. పేరు తెలియక్కర్లేదు."

"పుట్టిందా?" అంటి.

"పుట్టదా మరి?"

అక్కడ తెగింది నాకూ ఆ అవ్వకూ. మీరంటారు, ఇదేం విడ్డూరం, మన ఇండ్లలో అందరూ మళ్ళీ జన్మ ఉండాదనే కదా అంటారు అని. ఔను, అంటారు. చెంబు జారి కాలి మీద పడినా 'ఏ జన్మలో ఏం పాపం చేసినానో' అంటాం. అది నోటి అలవాటు, నమ్మకం కాదు. నిజంగా నమ్మితే ఏమయితాదో చూడండి. శారదమ్మ మళ్ళీ లోకంలో ఉన్నట్లే. తిరుగుతాన్నట్లే. ఎప్పుడో ఒకప్పుడు మా ఆయనకు ఎదురు రావచ్చు. మా అత్త లెక్కలో ఆమె నా మెడలో ఉండాది, అవ్వ లెక్కలో ఊరిలో ఉండాది. నాకు రెండూ వద్దు. చచ్చిన మనిషి చచ్చినట్ల ఉండాల.

"నాకు ఊపిరీ కావాల, శీలమూ కావాల. ఈ మళ్ళీ పుట్టే బేరం మాత్రం వద్దవ్వా," అని తెగేసి చెప్తి.

"సరే, దాన్ని పక్కన పెట్టి కూర్చో. తొందరేముంది," అనింది అవ్వ. కోస్తావాళ్ళకు కోపం రాదా ఏం? నాకే వచ్చింది.

ఇట్లుండగా ఆ ఏడు మా ఆయన సిరుగుప్ప పోవడం ఎక్కువైంది. కెనాలు నీళ్ళొచ్చినాక ఆ పక్కంతా వరి. కోస్తా నుంచి రైతులొచ్చి భూములు కొన్నారు. కోతలప్పుడు వడ్లు చూసేదానికి పోయి రావడం మామూలే. కోతలైనాకా పోతాండాడు, నాట్లప్పుడూ పోతాండాడు. ఒకరోజు అంగీ ఉతుకుదామని జేబు చూస్తే ఎర్ర రిబ్బను. నా జడకు రిబ్బను కట్టే వయసా? రిబ్బను చేతిలో పట్టుకుని మండీలోకే పోతిని, గుమాస్తాల ముందరే.

"ఎవతిది ఇది?"

ఆయన అందర్నీ బయటికి పంపినాడు. దాచలేదు. ఆ మాటకొస్తే ఆయనకు దాచడం రాదు, చెప్పకపోవడం మాత్రమే వస్తాది.

"సిరుగుప్ప పక్కన హచ్చొళ్ళిలో సీతారామారావు అని రైతుండాడు. ఆయన కూతురు బుల్లెమ్మకు. ఆరేండ్ల పాప."

"పాపకా?" అని ఊపిరి పీల్చుకుంటాండా, అంతలోనే మిగిలింది చెప్పినాడు. శారదమ్మ పోయిన సంవత్సరమే ఆ పిల్ల పుట్టిందంట. శారదమ్మకున్నట్లే ఎడం చెవి తమ్మె మీద పుట్టుమచ్చంట. శారదమ్మ మాదిరే గుప్పెడు గుప్పెడు పచ్చి బియ్యం తింటాదంట. మొదటిసారి చూసినప్పుడే ఎవరో తెలిసినోని దగ్గరికి వచ్చినట్ల వచ్చి ఈయన వేలు పట్టుకుందంట.

"పచ్చి బియ్యం తినని పిల్ల యాడుండాదప్పా!" అని అరిస్తి. మొగుణ్ణి 'అప్పా' అనేసినా కోపంలో. "నేనూ తిన్నా. మా బండ్రిలో మేకలూ తింటాయి."

"నాకూ తెలుసు, పిచ్చి అనుకుంటావని," అన్నాడు నేల చూస్తా. "పంకజా, మనకు పిల్లల్లేరు. రావుగారికి అయిదుమంది. ఆ ఊర్లో బడి సరిగా లేదు, మీ ఇంట్లో ఉంచి చదివిస్తే పుణ్యమంటాండాడు. నీకు ఇష్టముంటేనే. నువ్వొద్దంటే మళ్ళా ఎత్తను."

నేనొద్దంటే ఎత్తడు. అది నిజం. గోడ వైపు చూస్తా కూర్చుంటాడు, నేను బతికినన్నాళ్ళూ. సరే అంటినా, శారదమ్మ గౌను తొడుక్కుని నా ఇంట్లోకే నడిచొస్తాది. మా అత్తకు యెట్ల తెలిసిందో, సాయంత్రానికే దేవుని గూట్లో దీపం పెట్టి "నా శారద వస్తాంది" అని కండ్లొత్తుకుంటాంది. ఊరకే ఒక్క రిబ్బను ముక్క, ఇల్లంతా తలకిందులైంది.

వెనక గదికి పోయి అవ్వ మీద పడితి. "చూసినావా నీ బుద్ధుడు చేసిన పని! ఇప్పుడు చెప్పు, ఆ పిల్ల శారదమ్మేనా?"

అవ్వ చేటలో బియ్యం ఏరుకుంటాంది. "నేనెట్లా చెప్పను? కిందటేడు విత్తనం వేస్తే ఈ ఏడు వడ్లొచ్చాయి. ఆ గింజా ఈ గింజా ఒకటేనా?"

"కాదు."

"పోనీ దీనికీ దానికీ సంబంధం లేదా?"

"ఎందుకుండదు!"

"అంతేనమ్మాయ్. మనిషి మూట కట్టుకుని ఇక్కణ్ణుంచి అక్కడికి పోడు. లోపలి తపన మాత్రం మొలుస్తుంది. వెళ్ళి చూసిరా. పుట్టుమచ్చ కాదు చూడాల్సింది."

చూసే వస్తాను అనుకుంటి. చూసి, కడిగి, వద్దని చెప్పి వస్తాను. పండగకని తెచ్చిన కొత్త కోక కట్టుకుంటి, బిళ్ళకు చూపించకుండానే. మా అత్త గుండె పట్టుకుంది. పట్టుకోనీ.

సిరుగుప్ప బస్సులో జనం జనం మీద ఉండారు. నేను మా ఆయన పక్కన కూర్చుంటి. ఒకామె గంప నెత్తిన పెట్టుకుని, చంకలో బిడ్డను పెట్టుకుని, "స్వల్ప సరీరమ్మా, కొంచెం జరుగు తల్లీ" అని రెండు భాషల్లోనూ బతిమాలింది. మా ఆయన లేవబోయినాడు. చెయ్యి పట్టి కూర్చోబెడితి. నేను జరగలేదు. జరిగితే ఆమె మా ఇద్దరి మధ్య కూర్చుంటాది. ఆయన పక్కన జాగా నాది, ఎవరికీ ఇచ్చేది లేదు. ఆమె సిరుగుప్ప దాకా నిలబడే వచ్చింది.

హచ్చొళ్ళిలో సీతారామారావు వాళ్ళ ఇంటి ముందర వడ్లు ఆరబోసుండారు. "రండి శెట్టిగారూ, అమ్మగారు కూడా వచ్చారే!" అని ఆయన మంచం వాల్చినాడు. ఆయన భార్య చంటోణ్ణి ఎత్తుకుని మజ్జిగ తెచ్చింది. అంతలో గాదె వెనకనుంచి పరుగెత్తుకుంటా వచ్చింది ఆ పిల్ల. నా పక్క చూడనైనా చూడలేదు. నేరుగా ఆయన ఒళ్ళోకెక్కి కూర్చుంది.

ఎడం చెవి చూస్తి. మచ్చ ఉండాది. ఆయన మొహం చూస్తే ఇంకా అన్యాయం. అన్నేండ్లలో ఆ నవ్వు ఒక్కసారి నాకు చూపించినాడా? రిబ్బను జడకు కడతాండాడు. నాకు ఆ పిల్లను రెక్క పట్టి లాగెయ్యాలనిపించింది. ఔను, అనిపించింది. ఊపిరి చూడమంటాది కదా అవ్వ, చూద్దామంటే ఊపిరి యాడుండాదో దొరకలేదు.

"మావాణ్ణి చూశారా శెట్టిగారూ? పెదబాబు అని పిలుస్తున్నాం. నలుగురాడపిల్లల మీద పుట్టాడు," అని ఆ తల్లి చంటోణ్ణి చూపించింది. మా ఆయన ఊరకే మర్యాదకు చేతులు చాపినాడు. చాపి, బుల్లెమ్మను ఒళ్ళోనుంచి దించి, చంటోణ్ణి కూర్చోబెట్టుకున్నాడు. వాడు ఆయన మీసం పట్టుకుని లాగినాడు. అందరూ నవ్వినారు.

నేను నవ్వలేదు. ఆ పిల్లా నవ్వలేదు.

ఆ పిల్ల మొహం చూస్తాంటి నేను. పెదాలు బిగించింది. కండ్లు చిన్నవి చేసింది. చిన్నగా మంచం వెనకగా తిరిగొచ్చి, అందరూ మాటల్లో ఉన్నప్పుడు, వాని తొడ లోపలి పక్క, బట్ట కింద, ఎవరికీ కనబడని చోట పట్టుకుని మెలితిప్పి గిల్లింది. వాడు కెవ్వుమన్నాడు. ఇది రెండడుగులు వెనక్కేసి, పాపం ఏమీ తెలియనట్ల, "చీమ కుట్టిందేమో" అనింది.

బండ్రిలో మా చెల్లెలు పుట్టినప్పుడు నేనూ అట్లే గిల్లినా. తొడ లోపలి పక్కే. బట్ట కిందే. చీమ అనే చెప్పినా. నాకెవరు నేర్పించినారు? ఎవరూ లేరు. మా అమ్మ దేవతలాంటిది, మా ఇంట్లో గిల్లే మనిషే లేదు.

"మళ్ళీ గిల్లావా రాక్షసీ!" అని తల్లి వీపు మీద రెండేసింది. పిల్ల ఏడవలేదు. దెబ్బలు పట్టించుకోకుండా మా ఆయన మొహమే చూస్తాంది, తన జాగా ఉందా పోయిందా అని. ఆ చూపు నాకు తెలుసు. రోజూ అన్నం పెడతా ఆయన మొహంలో నేను వెతికేది అదే. తర్వాత గాదె వెనకకు పరుగెత్తింది.

నేనూ లేచి పోతిని. వడ్ల బస్తాల సందున ముడుచుకుని కూర్చోనుంది.

"గిల్లినావా?"

"లేదు."

"నేను చూసినా."

మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, "వాడొచ్చాక అమ్మ నన్ను పక్కలో పడుకోనివ్వట్లేదు" అనింది.

"గిల్లడం ఎవరు నేర్పించినారు నీకు?"

ఇదేం ప్రశ్న అన్నట్ల చూసింది. "ఎవరూ నేర్పలేదు. అదే వచ్చింది."

అదే వచ్చింది! బస్తా మీద కూలబడితి నేను. యాడినుంచి వచ్చింది? ఈ ఆరేండ్ల దానికి, ఆ బండ్రి పిల్లకు, ఈ ముదురు కుళ్ళు యాడిది? ఒకరు చెప్పకుండా, చూపించకుండా, గింజలో ఉన్నట్ల యెట్ల ఉండాది? నా కుళ్ళు నాకంటే పాతది. శారదమ్మ వల్ల పుట్టింది కాదు. శారదమ్మ లేకుంటే ఇంకొకరిని వెతుక్కునేది. వెతుక్కునింది కూడా, మా చెల్లెల్ని. నాకు ముందర ఎవరో దీన్ని పెంచి పెద్ద చేసి, కడక్కుండా, ఏరకుండా నాకు వదిలి పోయింది. రేపు నేను పోతాను. అప్పుడు ఇది ఏ పాపం తెలియని పసిదాని కడుపులో మొలుస్తాదో. ఏ ఇంట్లో, ఏ బస్తాల సందున వీపు మీద దెబ్బలు తిని కూర్చుంటాదో, ఎందుకొచ్చిందో తెలియకుండానే. ఆ పుట్టబోయేదాన్ని తలుచుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. మళ్ళీ జన్మ ఉండాదా అని ఇన్నాళ్ళూ అవ్వతో కొట్లాడితి. ఆ పిల్ల ముందర కూర్చున్నాక కొట్లాడేదానికి ఏమీ మిగల్లేదు.

పిల్ల దగ్గరికొచ్చింది. నా మెడలో బిళ్ళ మీది బొమ్మ కేసి వేలు చూపించింది. "ఈవిడెవరు?"

"మా అక్క."

"ఎక్కడుంటుంది?"

చచ్చిపోయింది అనే చెప్దామని నోరు తెరిస్తి.

"తెల్దమ్మా. యాడో ఉండాది."

యాడో ఉండాది. నేను ఏండ్ల తరబడి ఒక బంగారం ముక్కకు కోకలు చూపిస్తాంటి. ఆమె యాడో కట్టుకునేదానికి గుడ్డ ఉండాదో లేదో. ఎవరింట్లోనో ఆకలై ఏడుస్తాంటుందో, తల్లి పక్కలో జాగా ఉండాదో లేదో. తానొక శెట్టి పెండ్లాన్నని ఆమెకు గుర్తు కూడా ఉండదు. నా మీద ఆమెకు కోపమే లేదు, నేనెవరో తెలిస్తే కదా! బస్తాల సందునే కండ్లు మూసుకుంటి. యాడున్నా కడుపునిండా తిను తల్లీ, నిన్నెవరూ పక్కలోనుంచి నెట్టకుండా ఉండాల. మొదటిసారి ఆ మాట గొంతు దాటి లోపలికి దిగింది.

కండ్లు తెరిచి, దారం విప్పి, తాళి అట్లే ఉంచి బిళ్ళ తీసి కొంగున ముడేసుకుంటి.

"మా ఊరికి వస్తావా? బడికి పోవచ్చు," అంటి.

"పెదబాబు వస్తాడా?"

"రాడు."

"అయితే వస్తా."

మా ఆయన్ను పక్కకు పిలిస్తి. "తీసుకుపోదాం. అయితే ఒక్క మాట. దీన్ని శారదా అని పిలిచినా, శారద అని తలుచుకుని చూసినా నేనూరుకోను. శారదమ్మ ఎవర్నన్నా గిల్లిందా ఎప్పుడన్నా?"

"లేదు," అన్నాడు.

"ఇది గిల్లింది. తిప్పి మరీ గిల్లింది. ఇందులో శారదమ్మ యాడుండాది? మచ్చ ఒక్కటీ తప్ప. ఇది నా మాదిరి పిల్ల. ఆమె వేరే యాడో సుఖంగా ఉండాదిలే. పట్టుకుని లాగొద్దు."

ఆయన బిళ్ళ లేని నా తాళి దారం చూసినాడు. మొహం తిప్పుకుని, గోడ లేదు కాబట్టి పొలాల పక్క చూసినాడు. ఆయన ఏడవడం చూడ్డం అదే మొదలు. అప్పుడన్నాడు, "శారద..." అని. పేరెత్తినాడు! "శారద పోయిన రోజు నేను ఊర్లో లేను పంకజా" అన్నాడు. అంతే చెప్పినాడు. నేను తిట్టలేదు. తిడదామనుకున్నవన్నీ యాడ పోయినాయో.

పిల్ల బట్టలు మూట కట్టిచ్చింది తల్లి, కన్నీళ్ళు తుడుచుకుంటా. ముందు కొన్నాళ్ళు ఉండి చూస్తాది, బెంగ పెట్టుకుంటే తెచ్చి దింపుతామని చెప్తిమి. బస్సులో మళ్ళీ అదే జనం. కిటికీ పక్కన ఆయన, ఆయన పక్కన నేను, నా కాళ్ళ దగ్గర బుల్లెమ్మ. మొదట బుద్ధిగా నిలబడింది. బస్సు కదిలినాక ఆయన చెయ్యి నా చెయ్యి మీద ఉండడం చూసింది. ఎప్పుడూ పెట్టనోడు ఆరోజు పెట్టినాడు. అది చూసి, పెదాలు బిగించింది. కండ్లు చిన్నవి చేసింది. చిన్న చిన్న వేళ్ళు నా తొడ మీదికి వచ్చినాయి.

నాకు లోపల భగ్గుమంది. ఇంత సేపు ఏడ్చిన ఏడుపంతా ఏమయిందో! ఇది నా జాగా, ఇదొక్కటే నాది అని అరవాలనిపించింది.

"జరుగు," అనింది బుల్లెమ్మ.

నేను జరిగినా.